నూట ఇరవై అయిదు దాటకూడదు

మార్చి 3, సోమవారం

ఉదయం 10.40. గుండె డాక్టరమ్మ గది. పక్కన మా ఆయన.

మొన్న ఆదివారం సైకిల్ మీద నూట అరవయ్యో కిలోమీటరు దగ్గర నా గుండె లయ తప్పింది. డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు మూడు నిమిషాలు గలగలలాడి, తనంతట తానే సర్దుకుంది.

"మీ గుండె గట్టిదేనండీ. కానీ పదేళ్ళుగా దానికి ఒక్క సెలవూ ఇవ్వలేదు మీరు. పనిమనిషైతే ఎప్పుడో మానేసేది" అన్నారు డాక్టరమ్మ.

నెల రోజులకు ఆవిడ ఆజ్ఞలు:

ఒకటి: గుండె నిమిషానికి నూట ఇరవై అయిదు దాటకూడదు. చేతి వాచీయే సాక్షి.

రెండు: రోజుకు గంటే. వారానికి రెండు రోజులు సైకిల్ ముట్టుకోకూడదు.

మూడు: తొక్కుతూ ధారాళంగా మాట్లాడగలగాలి. రొప్పు వచ్చిందంటే వేగం ఎక్కువైనట్టే.

నాలుగు: ఎవరితోనూ పోటీ పడకూడదు.

"పోటీయా? యాభై రెండేళ్ళదాన్ని, కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకునేదాన్ని, నాకెవరితో పోటీ అండీ?" అన్నాను.

మా ఆయన పైకప్పు వైపు చూశారు.

మార్చి 4, మంగళవారం

ఉదయం 6.00. బయలుదేరాను. నెమ్మదిగా. గుండె: 112!!

ఇంత సుఖం ఉందా లోకంలో? ఇన్నేళ్ళుగా ఇదే వీధిలో వెళ్తూ మూలమీది ఇంటికి నీలం తలుపు ఉందని ఈ రోజే చూశాను.

మాట్లాడుతూ తొక్కాలిగా. పక్కన ఎవరూ లేరు కనుక ఎక్కాలు చదివాను. పదిహేనో ఎక్కం దాకా రొప్పు లేదు. గోడకు సున్నం వేస్తున్నాయన నిచ్చెన దిగి మరీ చూశాడు.

నిర్ణయం: ఇకపై నేను నత్తను. నత్తకు గుండెజబ్బు వచ్చిందని ఎవరైనా విన్నారా?

మార్చి 6, గురువారం

దుకాణానికి వచ్చిన ప్రతివారికీ నెమ్మదితనం గొప్పదనం చెప్పాను. ఒక పెద్దాయన కళ్ళ పరీక్ష యంత్రం మీద గడ్డం ఆనించి ఓపికగా విన్నాడు. "అమ్మా, గుండె సంగతి తరవాత. ఈ కింద వరస నాకు కనిపించాలా, కనిపించకూడదా?" అన్నాడు.

గుండె: 117. నన్ను నేనే మెచ్చుకున్నాను.

మార్చి 9, ఆదివారం

ఈ రోజు నన్ను దాటినవారు:

పోస్టుమాన్. సరే, ఆయన ఉద్యోగమది.

బుట్టలో గుమ్మడికాయ పెట్టుకున్న ఆవిడ. గుమ్మడికాయ పెద్దది.

ఎర్రటోపీ పెట్టుకున్న ఒక ముసలాయన. తుప్పుపట్టిన సైకిల్, కిర్రుకిర్రుమంటోంది. గంట కొట్టి మరీ దాటాడు!

నేను ప్రశాంతంగా ఉన్నాను. చాలా ప్రశాంతంగా ఉన్నాను. (రెండో వాక్యం రాస్తుంటే పెన్సిల్ ముక్కు విరిగింది.)

మార్చి 12, బుధవారం

గుండె: 131. ఎదురుగాలి. గాలి వేసిన లెక్క నా ఖాతాలో ఎలా వేస్తారు?

ఎర్రటోపీ ఈ రోజు కూడా దాటాడు. వెనక్కి తిరిగి చూడనైనా లేదు. ఎంత పొగరు!

మార్చి 14, శుక్రవారం

గుండె: 149. వాచీ పీకలు తెగేలా అరిచింది. డాక్టర్లు ఏ అంకె చెప్పినా కాస్త తగ్గించే చెబుతారు, అది లోకమంతా ఎరిగినదే. వాచీ తీసి జేబులో వేశాను.

ఎర్రటోపీకీ నాకూ మధ్య ఇరవై గజాలు. అంతలో రైల్వే గేటు పడింది. వాడు అటు, నేను ఇటు.

ఇంటికి వచ్చాక మా ఆయన అడిగారు. "వాచీ ఏమంటోంది?"

"భేషంటోంది."

ఆయన లైబ్రరీలో పుస్తకాల జాబితాలు రాస్తారు. అక్షరం తప్పయితే దూరం నుంచే పసిగడతారు.

మార్చి 15, శనివారం

సైకిల్ ముట్టకూడని రోజు. ముట్టలేదు. తుడిచాను. తుడవడం ముట్టడం కాదు.

మధ్యాహ్నం మా అత్తగారి దగ్గర గుట్టు విప్పాను. ఆవిడకు డెబ్బై ఎనిమిది. పొద్దున్నే వసారాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతారు, గంటసేపు కదలరు.

"అత్తయ్యా, పొద్దున ఈ వాచీ కాసేపు మీరు పెట్టుకుంటారా?"

"నా గుండె నీకు అరువిమ్మంటున్నావన్నమాట" అని చెయ్యి చాపారు. "పెట్టవే అమ్మాయ్. కానీ ఒక్క మాట. ఆ ముసలాడిని దాటాక మానేస్తావా?"

"ఒక్కసారి దాటితే చాలు."

"మా ఆయన కూడా చుట్ట గురించి ఇలాగే అనేవాడు" అన్నారు.

మార్చి 17, సోమవారం

వాచీ: 71. అద్భుతం! (నా సంగతి తెలియదు. కొలవలేదు.)

ఎర్రటోపీ తప్పించుకున్నాడు.

మార్చి 19, బుధవారం

ఆసుపత్రి మంచం మీద రాస్తున్నాను.

ఉదయం 6.35. వంతెన ఎక్కుడు. ముందు ఎర్రటోపీ. లేచి నిలబడి తొక్కాను. పది గజాలు. అయిదు. పక్కకు వచ్చాను. దాటాను!

ఆ సంతోషం ఎనిమిది సెకన్లు. మళ్ళీ డబ్బాలో గోళీలు. ఈసారి ఆగలేదు. దిగి పేవ్‌మెంట్ మీద కూలబడ్డాను. వీధి దీపస్తంభాలు ఒకదాని మీద ఒకటి వాలుతున్నాయి.

కిర్రుకిర్రుమంటూ సైకిల్ ఆగింది.

"ఏమ్మా, ఏమైంది? నీళ్ళు తాగు. మాట్లాడకు. మీ ఇంటి నంబరు ఒక్కటి చెప్పు చాలు."

ముందు ఆసుపత్రి బండికి, తరవాత మా ఇంటికి ఫోన్ చేశాడు. పక్కనే కూర్చుని టోపీతో విసిరాడు. కాస్త ఊపిరి అందాక ఉండబట్టలేక అడిగాను.

"రోజూ... అంత వేగంగా... ఎందుకండీ?"

"బేకరీలో రాత్రిపని తల్లీ. తెల్లార్లూ రొట్టెలు కాలుస్తాను. కళ్ళు మూసుకుపోయేలోపు ఇంట్లో పడాలిగా."

"నేను... మీ వెనకే..."

"అవునా? ఎప్పుడూ చూళ్ళేదే" అని ఆవలించాడు.

పది రోజుల పోటీ! అవతలివాడికి తెలియనే తెలియదు. గుండె నొప్పి కాదు కానీ, నొప్పి అంటే అదే.

మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చారు. ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి వాళ్ళమ్మది. నా మణికట్టు పట్టుకుని, వాచీ లేని చోట వేలు పెట్టి లెక్కపెట్టుకున్నారు. బండి వచ్చేదాకా వదల్లేదు.

మార్చి 20, గురువారం

ఆసుపత్రిలో మందు ఎక్కించారు, లయ కుదిరింది. డాక్టరమ్మ వాచీ లెక్కలు ముందేసుకున్నారు.

"సోమవారం సైకిల్ తొక్కుతూ డెబ్బై ఒకటా? నిద్రలో తొక్కారా? మరి ఏడుంపావుకి హఠాత్తుగా నూట ఇరవై ఎనిమిది. అప్పుడేం చేశారు?"

నేను నోరు తెరిచేలోపు మంచం పక్కనుంచి అత్తగారు చెప్పేశారు.

"పక్కింటావిడ మా గోడమీద పూలకుండీ పెట్టిందండీ. ఊరుకుంటానా?"

డాక్టరమ్మ నవ్వలేదు. పది రోజులు సైకిల్ బంద్. మళ్ళీ ఇలా చేస్తే శాశ్వతంగా బంద్. ఆవిడ వెళ్ళాక మా ఆయన మెల్లగా అన్నారు.

"ఫోన్‌లో ఎవరో మగగొంతు, 'మీ ఆవిడ రోడ్డు మీద కూర్చున్నారు' అంది. 'కూర్చున్నారు' అన్న మాట నాకు చాలాసేపు వినపడలేదు."

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఏడుపు వస్తే గుండె ఎంత కొట్టుకుంటుందో చూడటానికి వాచీ లేదు.

మార్చి 30, ఆదివారం

మళ్ళీ మొదటి రోజు. ఆజ్ఞలన్నీ అవే. వాచీ నా చేతికే.

మా ఆయనకు సైకిల్ రాదు. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "నాకు నేర్పు. నేను పక్కనుంటే నువ్వు పరుగెత్తలేవు" అన్నారు. అందుకని పొద్దున్నే పార్కు బాట. ఆయన సీటు మీద, నేను వెనక పట్టుకుని నడక. రెండుసార్లు పొదలో పడ్డారు. ముళ్ళు తీశాను.

దూరం: నలభై గజాలు. గుండె: 96. మాటలు: ఏడాదిలో మాట్లాడుకున్నన్ని.

ఈసారి గట్టిగా అనుకున్నాను. ఎవరు దాటినా సరే, పోనిస్తాను.

7.10. పసిబిడ్డను బండిలో తోసుకుంటూ ఒకమ్మాయి మా పక్కనుంచి వెళ్ళింది. నిజంగానే పోనిచ్చాను. నాకేమీ అనిపించలేదు!

హ్యాండిల్ మీద ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి.

"కాస్త గట్టిగా తొయ్యవే" అన్నారు. "ఆ అమ్మాయి దాటేస్తోంది."