పిట్టపిల్ల కాలికి బీడీ దారం

అవ్వా, రమ్యను. నేను బాగున్నాను. ఈ అండమాన్ అడవిలో సిగ్నల్ ఉండదు, ఫోన్ రాలేదని ఏడవకు.

ఇక్కడ మేము షామా పిట్టల గూళ్లు గమనిస్తున్నాం. నల్లటి వీపు, పొడుగు తోక, కాపురం చెట్టు తొర్రలో. పొద్దుగూకేవేళ మగపిట్ట పాడితే అడవంతా వినిపిస్తుంది. నువ్వు పచ్చడి డబ్బాకు కట్టిన బీడీ దారాన్ని దాచుకుందామని గుడారం తాడు మీద వేస్తే, ఆడపిట్ట ఎత్తుకెళ్లి గూట్లో పెట్టుకుంది. నిన్న చూస్తే అది ఒక పిల్ల కాలికి బిగుసుకుపోయింది. తల్లీ తండ్రీ ముక్కున పురుగులతో కొమ్మ మీద ఒకటే గోల. కత్తెర పెడితే కాలు తెగుతుందని మా సారుకు భయం. నేను గోటితో ఒక్కో చుట్టూ విప్పాను. “సదువుకునే పోరివి, నీకెందుకే బీడీలు?” అని నువ్వు బీడీలు చుట్టే చాట గుంజుకుంటున్నా మొండికేసి నేర్చుకున్న పని!

బాపు దగ్గు తగ్గిందా? మక్క కంకులు ఎండాయా? ఈసారి పచ్చడి పంపితే దారం కట్టకు, గుడ్డ చుట్టు. లింగంపేటలో అందరికీ దండాలు.

ఆ దారం నా దగ్గరే ఉంది. ఇక్కడి వానల్లో అంత తడిసినా నీ చేతి తంబాకు వాసన పోలేదవ్వా.