మూడు పిడికెళ్ళ మట్టి

తిరుపతి, 4–2–1946

పూజ్యులైన మునివెంకటప్ప మామకు మేనల్లుడు పరంధామయ్య నమస్కారాలు.

పుత్తూరులో టెంటు సినిమా పెట్టాక వడమాలపేటలో మీ వీధినాటకానికి జనం రావడం లేదనీ, ఈసారి ఆట కూడా పోతే మేళం ఎత్తేయమని ఊరి పెద్దలు చెప్పేశారనీ రాశారు. దిగులు పడకండి. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూనే గ్రీకు దేశపు పాత విషాద నాటకం ఒకటి తెలుగు చేశాను. దీనితో పంపుతున్నాను. యుద్ధంలో చచ్చిన అన్నను పూడ్చకూడదని రాజు ఆజ్ఞ. చెల్లెలు లెక్కచేయక శవం మీద మూడు పిడికెళ్ళ మట్టి వేస్తుంది. రాజు ఆమెకు మరణశిక్ష వేస్తాడు. ఒక్క ముక్క మార్చకండి. చావులు తెర వెనకే జరగాలి. వేషగాళ్ళు ముఖాలకు తొడుగులు పెట్టుకోవాలి. పన్నెండు మంది ముసలివాళ్ళు ఒక పక్కన నిలబడి పాడాలి.

ఇట్లు,
మీ పరంధామయ్య

తా.క.: హాస్యగాడు వద్దు. గ్రీకు నాటకంలో లేడు.

వడమాలపేట, 12–2–1946

చిరంజీవి పరంధామయ్యకు మామ దీవించి రాసేది. మీ అత్త నాగరత్నమ్మ కులాసా.

నాటకం చదివాను. కళ్ళు తడిశాయి. పక్కన నిలబడి పాడేవాళ్ళంటే మన వంతపాట వాళ్ళే కదరా, దానికోసం గ్రీకు దేశం దాకా పోవాలా? పన్నెండు మంది దొరకలేదు. నలుగురు దొరికారు. అందులో ఇద్దరికి చెవుడు, మొదటి పాట అయ్యేలోగానే రెండోది ఎత్తుకుంటున్నారు. చావులు తెర వెనక అనగానే రిహార్సలు చూడవచ్చిన మునెయ్య పంచాయితీకి దిగాడు. "సంపేది సూపించకుంటే మేము ఈడికి వచ్చేది దేనికప్పా, తెర సూసేదానికా?" అన్నాడు. తొడుగుల్లో మా దగ్గర మిగిలింది నరసింహస్వామి ముఖం ఒక్కటే. దాన్ని రాజుకు పెట్టాం. రాజు వేషం నాదే. మొన్న రిహార్సలులో నేను మరణశిక్ష వేయగానే చూడవచ్చిన అక్కమ్మ కర్పూరం వెలిగించి హారతి ఇచ్చింది.

ఆశీస్సులతో,
మునివెంకటప్ప

తా.క.: చెల్లెలి వేషం తిరుమలయ్యది. కొండకు మొక్కుకుని గడ్డం పెంచుతున్నాడు, తలనీలాలిచ్చేదాకా తీయనంటున్నాడు. గ్రీకు దేశంలో ఆడవాళ్ళకు గడ్డాలుంటాయని ఊరికి సర్దిచెప్పాను.

తిరుపతి, 17–2–1946

మామకు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలాయి. దుర్మార్గపు రాజుకు దేవుడి ముఖమా? పైగా హారతా? పోనీయండి. ముగింపును మాత్రం ముట్టుకోకండి. చెల్లెలు చావాలి, రాజు కుమిలిపోవాలి, జనం గుండె బరువుతో ఇళ్ళకు పోవాలి. పట్టాభిషేకం, మంగళహారతి ఏవీ వద్దు. మార్చారంటే నా పేరు తీసేయండి. ఆట రోజు కాలేజీలో పని ఉంది, నేను రావడం లేదు.

ఇట్లు,
పరంధామయ్య

తా.క.: గ్రీకు ఆడవాళ్ళకు గడ్డాలు లేవు.

వడమాలపేట, 3–3–1946

చిరంజీవి పరంధామయ్యకు మామ రాసేది. తిట్టే ముందు కడదాకా చదువు.

నీ నాటకం చెడిపోయింది నాయనా. మొదట బాగానే సాగింది. శవం వేషం చిన్నబ్బది, ఊపిరి కూడా తెలియనీయలేదు. తిరుమలయ్య మూడు పిడికెళ్ళ మట్టి వేశాడు. "మట్టి వేసినవాళ్ళకు మరణమే!" అని నేను గర్జించాను. అప్పుడు జనంలోంచి గురవమ్మ లేచింది. ఆమె కొడుకు మునికృష్ణ బర్మా యుద్ధంలో పోయాడు కదా, తంతి వచ్చింది గానీ శవం రాలేదు. పిడికిట్లో మట్టితో నేరుగా నా ముందుకొచ్చి, "నా బిడ్డకు ఏసే రాత నాకు లేకపాయె. ఈ బిడ్డకన్నా ఏస్తా. సంపుతావా, సంపు!" అంది. వేసింది కూడా.

ఆమె వెనక అక్కమ్మ, అక్కమ్మ వెనక మునెయ్య, ఇంక ఊరంతా లేచింది. తొడుగు కన్నాల్లోంచి నాకు దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు. ఎవరో టోపీ మనిషి ఏడుస్తూ మట్టి వేశాడని తర్వాత ఎవరో చెప్పారు. మట్టి గొంతుదాకా వచ్చేసరికి చిన్నబ్బ, "సాలు తల్లో, నేను బతికే ఉండా!" అని లేచి పరుగెత్తాడు.

ఊరంతా ఆజ్ఞ మీరితే రాజు ఎవరినని చంపుతాడు? కత్తి కింద పెట్టేశాను. ముఖం తీసి గురవమ్మకు దండం పెట్టాను. చెల్లెలు బతికిపోయింది. జనం ఈలలు, కేకలు, నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. నీ మాట నిలబెట్టలేకపోయాను, క్షమించు.

మునివెంకటప్ప

తా.క.: మేళం ఉండనీయమన్నారు పెద్దలు. పుత్తూరు టెంటుకు ఆ రోజు ఒక్కడూ రాలేదని దాని యజమాని కూడా మన ఆటకే వచ్చాడు. శవం లేచి పరుగెత్తడం చూసి మూర్ఛపోయాడు.

తిరుపతి, 8–3–1946

పూజ్యులైన మామకు పరంధామయ్య సాష్టాంగ నమస్కారాలు.

నాకు కోపం లేదు. చివరి ఏడు పేజీలు నా చేత్తోనే చింపేశాను. గ్రీకు వాళ్ళకు గురవమ్మ దొరకలేదు, పాపం అందుకే వాళ్ళ చెల్లెలు చచ్చిపోయింది. వచ్చే నెల మా కాలేజీ మైదానంలో ఇదే ఆట, ప్రిన్సిపాలుగారు ఒప్పుకున్నారు. మేళమంతా బండ్లు కట్టుకుని రండి. గురవమ్మకు ముందు వరసలో చోటు ఉంచుతాను. చిన్నబ్బను ఈసారి ముక్కులో దూది పెట్టుకోమనండి.

మీ మేనల్లుడు,
పరంధామయ్య

తా.క.: ఆ టోపీ మనిషిని నేనే మామా. మీరు ముగింపు మారిస్తే ఆటలోకి దూకి ఆపేద్దామని చెప్పకుండా వచ్చాను. గురవమ్మ లేవగానే నా కాళ్ళు వాటంతట అవే కదిలాయి. మునికృష్ణా నేనూ పుత్తూరు బడిలో ఒకే బెంచీ. నేను మట్టి వేసింది వాడికే.