పొరుగువాడి కంబైన్

అక్టోబరు 8
మా ఆయన వెర్లిన్ గింజల గాదె నిచ్చెన మీంచి పడ్డాడు. తుంటి విరిగింది. ఆసుపత్రి మంచం మీద కూడా మొక్కజొన్న గోలే. పెళ్లాం ఏమైపోయిందో అడగడు.

అక్టోబరు 15
పొద్దున్నే రోడ్డు మీద వరసగా కంబైన్లు, కోత మిషన్లు. ఎవరైనా మంచాన పడితే ముందు వాళ్ల పంట కోసి, తర్వాత సొంత చేను చూసుకోవడం మా ఊరి అలవాటు. పిలవక్కర్లేదు. అందరికంటే ముందు డెల్మర్, మా పక్క పొలం వాడు. ముసలి ఆగ్నెస్ గారి దగ్గర మేం కౌలుకు చేసే పెద్ద చేను తనే కోస్తానన్నాడు. చర్చి ఆడవాళ్లు సాండ్‌విచ్‌లు తెచ్చారు. చీకటి పడేసరికి కోత అయిపోయింది. గాదె వెనక్కెళ్లి ఏడ్చాను. ఇలాంటి ఊళ్లో బతుకుతున్నందుకు.

అక్టోబరు 16
కోతకొచ్చినవాళ్లందరికీ యాపిల్ పై కాల్చి పంపాను. డెల్మర్‌కే అందరికంటే పెద్దది.

నవంబరు 20
ఆగ్నెస్ గారి ఫోన్. వెర్లిన్‌కి ఇక సేద్యం చేతకాదని డెల్మర్ చెప్పాడట. కౌలు కూడా పెంచి ఇస్తానన్నాడట. మాకు భారం తప్పించినట్టు ఉంటుందని చేను అతనికే ఇచ్చేశారట. ఇన్నేళ్లూ మాట మీద నడిచిన కౌలు. అది పోతే మిగిలిన మా సొంత పొలం చెక్కతో మేం బతకలేం.
కంబైన్‌లో తెర ఉంటుంది. ఏ మూల ఎంత పండిందో చూపిస్తుంది. మాకు సాయం చేస్తూనే మా చేను గుట్టంతా చూసుకున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

నవంబరు 21
దాణా కొట్లో అందరి ముందూ అడిగేశాను.
"నేను తీసుకోకపోతే ఇంకెవడో తీసుకునేవాడు లోర్నా," అన్నాడు.
"నువ్వు రాకపోయినా మా కోత అయ్యేది డెల్మర్," అన్నాను.
మా కోతకొచ్చినవాళ్లే అక్కడున్నదీ. టోపీలు సర్దుకున్నారు. ఒక్కొక్కరే బస్తాలు ఎత్తుకుని బయటికి నడిచారు. డెల్మర్ చేసినదానికంటే అదే ఎక్కువ మండింది.

జనవరి 12
పందుల్ని అమ్మేశాం. నేను స్కూలు బస్సు నడుపుతున్నాను. వెర్లిన్ కర్ర పట్టుకుని వంటింటి దాకా వచ్చి, కాఫీ బాలేదన్నాడు. కోలుకుంటున్నాడు.

ఏప్రిల్ 28
వాన వెలిసిందో లేదో డెల్మర్ దుక్కికి దిగాడు. ఆ చేలోనే. ట్రాక్టర్ ఇరుసు దాకా దిగబడింది. కిటికీలోంచి చూశాను. కడుపు చల్లబడింది. వెర్లిన్ లేచి బూట్లు వెతుక్కున్నాడు. బురదలో ఉన్నవాణ్ణి వదిలేస్తే వాడికీ మనకీ తేడా ఏముందన్నాడు. నిన్ను లాగడానికి ఇంకో ట్రాక్టర్ కావాలి, కూర్చోమన్నాను. నేనే మా ట్రాక్టర్ తీసుకెళ్లి గొలుసు కట్టి లాగాను. డెల్మర్ నా మొహం చూడకుండా థాంక్స్ చెప్పాడు.

ఏప్రిల్ 29
డెల్మర్ ఫోన్ చేశాడు. దిగబడే చోట్లు ఇంకేమైనా ఉన్నాయా అని. లేవన్నాను.
రెండున్నాయి.