కుడిపక్క కుర్చీ

వదినకు,

మరిది దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం, నా మోకాళ్లు తప్ప. వికెట్ల వెనక గొంతుక్కూర్చున్న రోజుల్లోనే అవి నా మీద అలిగాయి, ఇప్పటికీ మాటల్లేవు. నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను.

ఆఫీసులో నా గదిలో కుడిపక్క కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వనని నీ కొడుకు రాశాడట, ఎందుకని అడిగావు. నిజమే. మొన్న ఆడిటరు కూర్చోబోతే "కాలు విరిగిందండీ" అని బొంకాను. కంపెనీ జట్టులో నేను కీపర్ని, నా కుడిపక్కన స్లిప్‌లో అన్నయ్య. బంతి ఇద్దరి మధ్యకి లేస్తే "నాది" అనో "నీది" అనో అరవాల్సింది ఆయనే. ఆయన "నీది" అనగా నేనెరగను. "నీకు గ్లవ్సున్నాయి గానీ నమ్మకం లేదురా" అనేవాడు.

బ్యాటు వదిలి బల్ల దగ్గరికొచ్చాక తెలిసింది, మేనేజరు పనీ కీపింగే. అందరి తప్పులూ వెనక్కే వస్తాయి. పడితే ఎవడూ చూడడు, వదిలితే ఊరంతా చూస్తుంది.

నీకు చెప్పనిదొకటుంది. అన్నయ్య పోయాక కూడా ఆ కుర్చీలోంచి "నాది" వినబడుతోంది. సమ్మెప్పుడు విన్నాను, గోదాములో మంటలు లేచినప్పుడు విన్నాను. విని చేతులు కట్టుకున్నాను. గండం దానంతటదే తప్పుకుంది. తర్వాత తడిమితే కుర్చీ వెచ్చగా ఉండేది.

ఇక, నీ కొడుక్కి ప్రమాదమైన పనులేమైనా చెప్తున్నావా అన్నావు. పాత కోల్డ్ రూములో అమ్మోనియా సన్నగా కారుతోంది, ఎక్కువ పీలిస్తే ప్రాణం తీసే గ్యాసు. గోడవతలే ఇళ్లు. రేపు పొద్దున్న ఎవరో ఒకరు లోపలికెళ్లి వాల్వు బిగించాలి.

"నేనెళ్తా బాబాయ్, మాస్కుందిగా! టీ చల్లారేలోపు వచ్చేస్తా" అన్నాడు వాడు.

నేను కుర్చీ వంక చూశాను, అన్నయ్య "నాది" అంటాడేమోనని.

"నీది" అని వినబడింది. మెల్లగా.

"ఏంటి బాబాయ్, క్యాచ్ వదిలేసినట్టు ఆ మొహమేంటి?" అని నవ్వాడు. వాడికేం వినబడలేదు.

ఎవరూ వెళ్లకపోతే పోయె అంటావు. గాల్లోకి లేచిన బంతి ఎక్కడో పడాల్సిందే వదినా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ వాల్వు తిప్పినవాణ్ని నేనే. ఈ ఉత్తరం వాడి చేతికే ఇచ్చి, వేరే పని పేరు చెప్పి నీ దగ్గరికి పంపుతున్నాను. నువ్విది చదివేసరికి వాడు నీ ఎదురుగా ఉంటాడు. అన్నం పెట్టు. తిరిగి బయల్దేరనివ్వకు.

కవరు అంటించే ముందు కుర్చీ తడిమాను. చల్లగా ఉంది, ఆ కోల్డ్ రూము తలుపంత చల్లగా. అన్నయ్య నాకంటే ముందే వెళ్లి తన చోట నిలబడ్డట్టున్నాడు.

ఇట్లు,
గ్లవ్స్ తొడుక్కుంటున్న
నీ మరిది