రాజన్న చేసిన తలుపు

రాజన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈరోజు మన లేబర్ క్యాంపు మెస్సులో ఒక ఫోటో అంటించారు. మన ఇంగ్లీషు ఇంజనీరు తెరచాప పడవ మీద అట్లాంటిక్ సముద్రంలో దీవి నుంచి దీవికి తిరుగుతున్నాడట. ఆయన వెనకాల, శుక్రవారం సెలవులన్నీ ధారపోసి ఆ పడవ గదికి నువ్వు చేసిన టేకు తలుపు మెరుస్తోంది.

దోహా రేవులో అది బిగిస్తూ నన్ను అడిగావు: "గన్ని దేశాలు తిరుగుతడు గదరా, ఈయన పోనీకి సంతకం ఎవలు పెడ్తరు?"

నేను వచ్చీరాని ఇంగ్లీషులో చెబితే ఆయన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. సంతకమెందుకు, గాలి ఉంటే చాలన్నాడు.

బతికుండగానే కాదు, నీ శవం ఊరికి పోవడానికి కూడా మనల్ని పనికి తెచ్చుకున్న యజమాని, ఆ కఫీల్, సంతకం పెట్టాలన్నారు. వాడు లండన్‌లో ఉన్నాడట. పదకొండు రోజులు నిన్ను ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉంచారు.

నీ తలుపు మాత్రం ఎవరి సంతకమూ లేకుండా దీవులు తిరుగుతోంది.