ఒక మగ్గానికి అయిదుగురు

తేదీ: 11 మార్చి 1993

చిరంజీవి తమ్ముడు ఎల్లస్వామికి అక్క సోమమ్మ దీవించి రాయునది. ఇక్కడ కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి, తిండికి లోటు లేదు. భీవండిలో నువ్వూ, నీ గదిలో ఉండే తోటి కుర్రాళ్లూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకు. దగ్గు ఇంకా తగ్గలేదని రాశావు. మరమగ్గాల దగ్గర లేచే నూగు గొంతులో పడితే ఎట్లా తగ్గుతుంది? మూతికి తువ్వాల కట్టుకో. ఒక పూట పని పోతే పోనీ, దవాఖానకు పోయి చూపించుకో. మా అత్త బీరమ్మ ఎట్లా ఉందని అడిగావు. నేను చూసినప్పటికి బాగానే ఉంది, మోకాళ్ల నొప్పులు ఎప్పుడూ ఉన్నవే.

ఇక నువ్వు ముఖ్యంగా అడిగిన సంగతి. "అక్కా, మీ ఊరి గొంగళ్ల సంఘంలో కొత్త మగ్గాలు దిగినయట గద, నేనొచ్చి ఒకదాంట్ల కూసుంటే నడుస్తదా" అన్నావు. రావద్దు తమ్ముడూ. ఎందుకు రావద్దంటున్నానో మొదటి నుంచి చెబితేనే నీకు అర్థమవుతుంది.

సర్కారు మా ఊరి సంఘానికి ఉన్ని ఏకే యంత్రం ఇచ్చినప్పుడు మా బావ మల్లప్పే పెద్ద. నా పెనిమిటి గుర్వయ్యకు అన్న కాబట్టి ఇంటి మాట, సంఘం మాట రెండూ ఆయనవే. అంతకుముందు మగవాళ్లు రోజంతా వింటితో ఏకిన ఉన్నిని ఆ యంత్రం పొద్దెక్కేలోపే ఏకి పడేసేది. ఇక గొంగళ్లు కుప్పలు పడతాయనుకున్నారు అందరూ. పడలేదు. ఏకిన ఉన్ని గంపల్లో పేరుకుపోయి చిమటలు పట్టింది. నేసేవాళ్లు మగ్గం గుంట గట్టున కూర్చుని బీడీలు కాల్చేవాళ్లు. బావ ఏమో యంత్రాన్ని సాయంత్రం దాకా తిప్పించేవాడు.

నేను పడుగుకు చింతగింజల గంజి పెట్టే పనిలో ఉండేదాన్ని. అటు ఉన్నీ, ఇటు మగ్గమూ రెండూ నా కళ్లముందే. ఒకనాడు అన్నాను. "బావా, మిషిన్ ఎంత తిప్పినా ఫాయిదా లేదు. వడికే కాడ ఆగుతాంది."

"అయితే నువ్వే జూడు" అన్నాడు. అప్పుడు ఆయన మాటలో వెటకారం లేదు. అబద్ధం ఎందుకు రాయాలి, నమ్మి అప్పజెప్పాడు.

మొదట మగ్గానికి నలుగురు ఆడవాళ్లను రాట్నాల ముందు కూర్చోబెట్టాను. మధ్యాహ్నానికే మగ్గం ఆగింది. ఆరుగురిని పెడితే నూలు మిగిలి, పని లేక ఆడవాళ్లు నా మీదికి కొట్లాటకు వచ్చారు. అయిదుగురైతే కుదిరింది. మూడు మగ్గాలు, పదిహేను మంది. యంత్రం పొద్దున ఒక్క పూట తిరిగితే అందరికీ సరిపోయేది. వానాకాలంలో గంజి పెట్టిన పడుగు ఆరదని నాకు తోచలేదు, ఒక పడుగు మొత్తం బూజు పట్టి పోయింది. ఆ తర్వాత ముసురు రోజుల్లో పడుగు దగ్గర ఇంకొకరిని పెట్టాను. అప్పటి నుంచి ఎవరి కోసం ఎవరూ కాచుకోలేదు. అత్త బీరమ్మ అందరికంటే సన్నగా వడికేది. ఆమె తీసిన నూలంటే నేసేవాళ్లు పోటీ పడేవాళ్లు. ఆ కొట్టంలో రాట్నాలూ మగ్గాలూ కలిసి ఆడుతుంటే, తమ్ముడూ, పొద్దున లేస్తూనే అక్కడికి ఎప్పుడు పోదామా అని ఉండేది నాకు. పెళ్లయి ఇన్నేళ్లలో ఇంట్లో ఏనాడూ అట్లా అనిపించలేదు.

జిల్లా నుంచి వచ్చిన సారు చూసి సంతోషపడి, ఇంకా అయిదు మగ్గాలు ఇప్పిస్తానన్నాడు. బావ ఎగిరి గంతేశాడు.

"బావా, ఎనిమిది మగ్గాలంటే నలభై మంది వడకాలె. మన ఊర్ల, తండల దేవులాడినా గంతమంది దొర్కరు. జర ఆగు" అన్నాను.

"ముందుగాల మగ్గాలు రానీ. ఆడోళ్లు యాడికి పోతరు, అండ్లనే సర్దుకుంటరు."

మగ్గాలు వచ్చాయి, దండలు వేశారు, బావ పేరు గోడ మీద రాశారు. పదిహేను మంది నూలును ఎనిమిది మగ్గాలకు పంచితే ఏ మగ్గానికీ సరిపోలేదు. పక్క ఊళ్ల నుంచి వచ్చిన నేతగాళ్లు పని లేదని బావను నిలదీశారు. ఆయన మా ఆడవాళ్లను చూపించాడు. ముచ్చట్లు పెట్టుకుంటూ పని ఎగ్గొడుతున్నారన్నాడు. తర్వాత సంఘం మీటింగులో అందరి ముందూ నన్ను లేపి నిలబెట్టాడు.

"సోమమ్మా, నువ్వే లెక్క దీసినవు గద. ఒక మగ్గానికి ఎందరు గావాలె?"

"అయిదుగురు" అన్నాను. ఏం అడగబోతున్నాడో తెలియక, కొంచెం గర్వంగానే అన్నాను.

"విన్నరా? ఒక్క మొగోడు నేసుడుకు అయిదుగురు ఆడోళ్ల కూలి. మిల్లు నూలు దెస్తే ఒక్కరు గూడ అక్కర లేదు."

పని నిలబడాలని నేను పట్టుకున్న లెక్కే పదిహేను మంది నోట్లో మన్ను కొట్టింది. జడ్చర్ల నుంచి మిల్లు నూలు మూటలు లారీలో దిగాయి. అత్త తన రాట్నాన్ని అటక మీద పెట్టించి, గోడకు ఆనుకుని కూర్చుంది. గొర్రెల నుంచి కత్తిరించిన ఉన్నిని కొనేవాడు లేక కంచెల మీద పారేశారు. అందులో బావ మంద ఉన్నీ ఉంది. ఆ మిల్లు నూలు గొంగళ్లను జడ్చర్ల సంతకు తీసుకుపోతే గొర్లకాపరులు చేత్తో పిసికి చూసి, "గిది వానకు ఆగుతదా?" అని కింద పెట్టేశారు. ఇప్పుడు ఎనిమిదింటిలో ఆడేవి రెండు. నువ్వు వచ్చి కూర్చోవాలనుకున్న మగ్గాల సంగతి ఇది.

ఇక మిగిలిన మాట రాయడానికే ఇన్నాళ్లు పట్టింది.

పని పోయిన ఆడవాళ్లు ఎదురుపడితే నా ముఖం చూసేవాళ్లు కాదు. ఒక రాత్రి అన్నం దగ్గర ఉండబట్టలేక అడిగాను. "బావా, గా ఆడోళ్లకు నన్నేం జెప్పమంటవ్?"

"పిల్లజెల్ల లేనిదానివి, నీకెందుకు గింత ఫికర్? తిని గూసో" అన్నాడు.

మీ బావ గుర్వయ్య ఆయన పక్కనే తింటున్నాడు. కలిపిన ముద్ద ఒక్క క్షణం చేతిలో ఆగింది. తర్వాత నోట్లో పెట్టుకున్నాడు.

పెద్దాయన మాటకు నేను ఓర్చుకునేదాన్నే తమ్ముడూ. ఆ ముద్దకు ఓర్చుకోలేకపోయాను.

ఈ ఉత్తరం పైన ఊరి పేరు రాయలేదు. నేను కట్టంగూర్‌లో, నీ ఇంట్లో ఉన్నాను. వచ్చి నెల దాటింది. నిన్ను అడగకుండా తాళం తీశాను. నువ్వు తాళంచెవి ఇచ్చిపోయిన పక్కింటి గులాబ్‌బీ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "మొదలు నీళ్లు తాగు బిడ్డా" అంది, అంతే. తెల్లారి మిరప తోటల్లోకి కూలికి వెంట తీసుకుపోయింది. హాలియా దిక్కు వరికోతలు మొదలైతే ఇద్దరం అటు పోదామనుకుంటున్నాం. ఊరి వాళ్లు అడిగితే చుట్టపు చూపుకు వచ్చానంటున్నాను. ఇక ఎక్కువ రోజులు ఆ మాట నమ్మరు.

పోయిన బుధవారం మీ బావ వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"పోదాం పా. అన్నకు తప్పయిందని ఒక్క మాట జెప్పు, అయిపోతది."

"తప్పు నాదా? నువ్వు జెప్పు."

"నీది గాదు. నాకు దెల్వదా? కని గా ఇంట్ల బతకాలె గద."

"బతుకు" అన్నాను.

నీళ్లు అడిగాడు. ఇచ్చాను. తాగి, చెంబు గడప మీద పెట్టి, రోడ్డు మీదికి పోయి హైదరాబాదు బస్సు ఎక్కాడు. నాకు ఏడుపు రాలేదు. ఏమీ తెలియనివాడైతే ఏనాటికైనా తెలుసుకుంటాడని ఎదురుచూసేదాన్ని. అన్నీ తెలిసినవాడి కోసం ఏమని ఎదురుచూడను?

ఈ ఇల్లు నీది. రేపు నీకు పిల్లను చూసేవాళ్లు, మొగుణ్ని విడిచివచ్చిన అక్క ఇంట్లో ఉందంటే వెనక్కి తగ్గవచ్చు. ఉండమంటావో, పొమ్మంటావో నీ చేత్తో రాయి. పొమ్మంటే పోతాను, నిన్ను ఒక్క మాట అనను. కానీ చదివి ఊరుకోకు.

ఇట్లు,
నీ తోడబుట్టిన అక్క,
సోమమ్మ