గుమ్మడికాయకు మొదటి దెబ్బ

ఆర్మూరు

మరిది గజేందర్‌కు మీ వదిన మండిపోతూ రాస్తున్నది.

చనిపోయిన మీ అన్న పేరు మీద పెద్దల అమావాస్య పెత్రమాసకు గుమ్మడికాయ పులుసు వండాలి. ఆయనకు అదంటే ప్రాణం. నిండు గుమ్మడికాయకు మొదటి దెబ్బ మగవాడే వేయాలని, ఆడది వేస్తే ఇంటివాళ్లకు కీడని మన ఇళ్లలో పట్టింపు. ఒక్క దెబ్బ వేసి పొమ్మని నిన్ను పిలవడానికి నా బిడ్డ భూమికను పసుపు మార్కెట్ వెనుక కల్లు దుకాణానికి పంపితే, నలుగురిలో ఏమన్నావు?

"మగదిక్కు లేని ఇంట్ల గుమ్మడికాయ ఎందుకే? మీ అమ్మను సప్పుడు చెయ్యక పప్పు వండుకొమ్మను!"

పిల్ల ఏడ్చుకుంటూ వచ్చింది. మీ అన్న పోతే ఆయన ఇల్లు ఇల్లు కాకుండా పోయిందా? ఏడాదికి ఒక్కనాడు వచ్చే మనిషికి పప్పు పెట్టాలా?

మీ అన్న గొడ్డలి తీసి నేనే వేశాను దెబ్బ. చింతపండు, బెల్లం వేసి పులుసు కాచి ముందు ఆయనకు పెట్టాను. మిగిలింది డబ్బాలో పోసి, తన ఇంటిదని చెప్పమని పక్కింటి గంగన్నతో దుకాణానికి పంపాను.

కల్లు తాగుకుంటూ మూడుసార్లు పోయించుకున్నావట.

"గంగన్నా, మస్తున్నదే! గీ కాయ కొట్టిన చెయ్యి మంచిది" అన్నావట.

ఆ చెయ్యి నాది. నీకేమైనా అయిందా? దుక్కలాగా ఉన్నావు.

నలుగురిలో అన్న మాటకు జవాబు నలుగురిలోనే వినాలి. అందుకే ఈ ఉత్తరం దుకాణంలో గట్టిగా చదవమని గంగన్నకే ఇచ్చాను.

గంగన్నా, ఇక కాగితం వాని చేతికియ్యి.